చదరంగం గళ్లలో బియ్యపు గింజలు

వేసవి సెలవులకు రొంపిచెర్ల వచ్చిన మనవరాలు చదరంగం బల్ల ముందేసుకుని, "అమ్మమ్మా, మొదటి గడికి ఒక బియ్యపు గింజ, తర్వాత గడికి రెండు, ఆపైన నాలుగు... ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకు ఎన్ని?" అంది.

మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు!

చూసి బెదిరిపోకండి. చివర 5 ఉంది కనుక ఇది బేసి సంఖ్య, ఐదుతో శేషం లేకుండా పోతుంది. అంకెలన్నీ కూడితే 87. అది మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. ఈ పెద్ద సంఖ్యా అంతే!

పిల్ల ఎత్తి రాసిందాన్ని నేను కూడితే 86 వచ్చింది. ఎక్కడో ఒక అంకె తప్పిందన్నమాట. వెతికితే దొరికింది. పద్దులు ఎత్తి రాసేటప్పుడు మీరూ ఇలా సరిచూసుకోవచ్చు. అయితే అంకెలు అటూ ఇటూ తారుమారైతే మాత్రం ఈ కూడిక పట్టుకోలేదు సుమండీ!

ఈ సంఖ్యనే పావులూరి మల్లన తన గణితంలో ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. శరమంటే 5, శశి అంటే 1. ఒకట్ల స్థానం నుంచి చదువుకుంటూ పోవాలి. పద్యం నోటికి వస్తే 20 అంకెలూ వచ్చినట్టే!