ఎలపట గుర్రం, దాపట గాడిద

హైదరాబాద్ నాచారంలో మా టీ కొట్టు దగ్గర ఒకాయన తన ఫోన్ నా ముందు పెట్టాడు. నడుము ఎత్తు కూడా లేని గుర్రం, దాని పక్కన పొడవాటి చెవుల గాడిద, వెనక చిన్న బండి, బండిలో టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన. "అన్నా, ఇది నిజమేనా, ఉత్త గ్రాఫిక్సా?" అని అడిగాడు. నిజమే అన్నాను. అమెరికాలో, ఇంగ్లండులో కొందరికి ఇదొక సరదా. "మన దగ్గర గట్ల కడితే నవ్విపోతరు" అన్నాడాయన. నవ్వుతారు, అందులో అనుమానం లేదు. తెలుగులో గుర్రం పేరు పెట్టి ఎవరినీ తిట్టం. గాడిద పేరు మాత్రం అయ్య నోట, బడిలో సారు నోట అరిగిపోయింది. ఆ నవ్వు వెనక ఉన్న నమ్మకాల్లో సగానికి పైగా తప్పులే. బండి తోలడం నేర్చుకోవాలనుకునేవాడు ముందు వదిలించుకోవలసింది వాటినే.

అపోహ: పొట్టి గుర్రమంటే గుర్రపు పిల్లే, ఎదిగితే పెద్దదవుతుంది.

కాదు. అది ఎదిగిన గుర్రమే, ఎత్తే అంత. 1978లో ఏర్పడిన అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ లెక్క ప్రకారం జూలు చివరి వెంట్రుకల దగ్గర కొలిస్తే 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు దాటకూడదు. మన దగ్గర కనిపించే తట్టువ దీనికన్నా చాలా పెద్దది, దాని వంశం వేరు. అసలు ప్రమాదం ఈ అపోహ తిరగబడినప్పుడు ఉంది. పొట్టిగా ఉంది కదా అని నిజంగా పిల్లగా ఉన్నదాన్నే బండికి కట్టేస్తారు. మూడు నాలుగేళ్లు నిండి, ఎముకలు గట్టిపడితే తప్ప బరువు లాగించకూడదు. వయసు తెలుసుకోవాలంటే ఎత్తు చూసి లాభం లేదు, నోరు తెరిచి పళ్లు చూడాలి. ఇంకో మాట: దాని వీపు మీద పెద్దవాళ్లు కూర్చోవడానికి వీల్లేదు. అది మోయలేని బరువును చక్రాల మీద పెడితే లాగగలదు. అందుకే దాన్ని పెంచేవాళ్లు స్వారీ కన్నా బండికే మొగ్గుతారు.

అపోహ: గాడిద మొండిది, బుద్ధి తక్కువది. గుర్రం పక్కన పనికిరాదు.

ఇక్కడ కాస్త ఆగాలి. జోడు బండి గుట్టంతా ఇందులోనే ఉంది.

గుర్రం పచ్చిక మైదానాల జంతువు. భయమేస్తే దాని మందు పరుగు. ముందు పారిపోతుంది, తరవాత ఆలోచిస్తుంది. గాడిద పుట్టిల్లు ఆఫ్రికాలోని రాళ్ల నేలలు, ఎడారులు. మనిషి దాన్ని అక్కడే సుమారు ఏడు వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్నాడని జన్యు పరిశోధన చెబుతోంది. రాళ్ల నేల మీద చూడకుండా పరుగెత్తితే కాలు విరుగుతుంది. కాబట్టి గాడిద భయమేస్తే నిలబడిపోతుంది. చూస్తుంది, చెవులు తిప్పుతుంది, వాసన పడుతుంది, ప్రమాదం లేదని తేలితే అడుగేస్తుంది. ఆ నిలబడటాన్ని మనం మొండితనం అన్నాం. చర్నాకోల తీసుకుని కొడితే దానికి రెండో భయం పుడుతుంది, మరింత బిగుసుకుంటుంది, అదిగో మొండిది అని మనం మళ్లీ రుజువు చూపిస్తాం.

ఇప్పుడు ఈ రెండింటినీ ఒక నొగకు అటూ ఇటూ కట్టి ఉప్పల్ చౌరస్తాలో ఉన్నట్టు ఊహించండి. సిటీ బస్సు హారన్ కొట్టింది. గుర్రం ముందుకు దూకుతుంది. గాడిద నాలుగు కాళ్లూ నేలలో పాతేస్తుంది. నొగ గాడిద మీదికి అడ్డం తిరుగుతుంది, దాంతోపాటు బండీ తిరుగుతుంది. తప్పు గుర్రానిది కాదు, గాడిదదీ కాదు. రెండూ తమ పుట్టుకకు తగ్గట్టే నడుచుకున్నాయి. అందుకే ఈ జోడీకి మొదట నేర్పాల్సిన మాట "పద" కాదు, "ఆగు". రెండూ ఆ మాటకు, ఎంత గోలలోనైనా, పగ్గం లాగకుండానే నిలబడాలి. గుర్రానికి గోల అలవాటు చేయవచ్చని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యాండు మేళం, టపాకాయల మధ్య పెళ్లి ఊరేగింపుల్లో నిలబడే గుర్రాలను ఈ ఊళ్లో రోజూ చూస్తాం. గాడిదకు గోల కన్నా నేల మీద అనుమానం ఎక్కువ. నీటి మడుగు, రోడ్డు మీది తెల్ల గీత, మ్యాన్‌హోల్ మూత, ఆఖరికి మెట్రో స్తంభం నీడ కూడా దానికి గొయ్యిలా కనిపించవచ్చు. దిగి, పక్కన నిలబడి, చూడనివ్వాలి. నాలుగు సార్లు చూసిందాన్ని అయిదోసారి పట్టించుకోదు. ఒకసారి నేర్చుకున్నదాన్ని గాడిద ఏళ్ల తరబడి మరిచిపోదు. ఒకసారి తిన్న దెబ్బను కూడా.

అపోహ: జోడీ అంటే ఒకే రంగు, ఒకే ఎత్తు ఉండాలి.

ఇది సినిమాల వల్ల వచ్చింది. నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టించిన ఎన్టీఆర్ పౌరాణికాలు చూసి పెరిగిన తరం మాది. రథం అంటే ఒక్క తీరు తెల్ల గుర్రాలే కళ్ల ముందు కదులుతాయి. రంగు చూసేవాళ్ల కోసం. బండికి కావలసింది అడుగు. అదే ఎత్తు గుర్రంతో పోలిస్తే గాడిద అడుగు పొట్టి, గిట్ట సన్నం, నిటారు. నడకలో రెండింటినీ సరిపెట్టవచ్చు. దౌడు మొదలైతే గుర్రం ముందుకు పోతుంది. కాబట్టి వేగం గాడిద నిర్ణయిస్తుంది, గుర్రం ఒప్పుకుంటుంది. తోలేవాడు కూడా ఒప్పుకోవాలి, కష్టం అక్కడే.

రైతుకు ఇదంతా కొత్త కాదు. ఎలపటి ఎద్దును దాపటికి మారిస్తే ఏమవుతుందో అరక దున్నినవాళ్లకు తెలుసు. ఒకవైపే అలవాటైన ఎద్దు రెండోవైపు కడితే తత్తరపడుతుంది. గుర్రం, గాడిదలతోనూ అంతే. వారంలో కొన్ని రోజులు వైపులు మార్చి నడిపిస్తే ఒక పక్క వాటం రాదు. కాడికి, జోడు బండికి ఉన్న తేడా ఒక్కటే. ఎద్దు మూపుతో లాగుతుంది, ఇవి రొమ్ముతో లాగుతాయి. రొమ్ము పట్టీ ఊపిరి గొట్టం మీదికి పోకూడదు, భుజం కీలు మీదికి దిగకూడదు. గాడిదకు గుర్రంలా మూపు ఎత్తుగా ఉండదు. అందుకని దాని వీపు మీది పట్టీలు బండి ఆపేటప్పుడు మెడ మీదికి జారతాయి. పిరుదుల వెనక నుంచి వచ్చే పట్టీ గాడిదకు తప్పనిసరి. గుర్రం తలకట్టును గాడిదకు పెడితే నుదుటి పట్టీ చాలదు, చెవుల మొదళ్లు ఒరుసుకుపోతాయి. ఆ చెవులు చూడండి, ఎంత పట్టీ కావాలో అర్థమవుతుంది.

పగ్గాల సంగతి. జోడు బండిలో తోలేవాడి చేతిలో నాలుగు పగ్గాలు ఉంటాయని చాలామంది అనుకుంటారు. రెండే. ఒక్కో పగ్గం ముందుకెళ్లి రెండు పాయలవుతుంది. కుడి చేతి పగ్గంలో ఒక పాయ కుడివైపు జంతువు కళ్లేనికి కుడి పక్కన, రెండో పాయ అడ్డంగా దాటి ఎడమవైపు జంతువు కళ్లేనికి కుడి పక్కన తగులుకుంటుంది. ఎడమదీ అంతే, తిరగేసి. ఆ అడ్డం పాయల బకిల్స్ ఒక్కో కన్నం జరిపి, రెండు తలలూ సమంగా ఉండేలా దిద్దుకోవాలి. మెడ పొడవులు వేరైన మన జోడీకి ఈ దిద్దుబాటు ఒక రోజుతో అయ్యేది కాదు.

అపోహ: గుర్రానికి వస్తే చాలు, దాని పక్కన కడితే గాడిద దానంతటదే నేర్చుకుంటుంది.

నేర్చుకుంటుంది, భయపడటం. ముందు ఒక్కోదాన్ని విడిగా తయారు చేయాలి. పొడవాటి పగ్గాలు పట్టుకుని వెనక నడుస్తూ మలుపులు, ఆగడం నేర్పాలి. తరవాత ఖాళీ పట్టీలు. ఆ తరవాత ఒక పాత స్కూటర్ టైరు తాడుకు కట్టి లాగించాలి. వెనక నుంచి వచ్చే ఆ గరగర శబ్దానికి అలవాటు పడాలి కదా. అది కుదిరాక ఒంటెద్దు బండి లాంటి ఒంటి బండి. అప్పుడు గానీ జోడీ కాదు. ఈ పనికి ఉప్పల్–వరంగల్ రోడ్డు వైపు కన్నెత్తి కూడా చూడకండి. తెల్లవారుజామున ఖాళీగా ఉండే మట్టి మైదానం కావాలి.

గొంతు కూడా పగ్గమే. కర్ణుడి రథం మీద శల్యుడు సారథిగా కూర్చున్న కథ మనకు సామెతలా మిగిలిపోయింది. తోలేవాడు సగం మనసుతో, విసుగుతో మాట్లాడితే జంతువులు ఆ విసుగునే వింటాయి. మాట తక్కువగా, ప్రతిసారీ ఒకే తీరుగా ఉండాలి. ఒకరోజు "ఆగు", ఇంకోరోజు "హోయ్", మూడోరోజు తిట్టు అయితే అవి దేన్ని పట్టుకోవాలి?

అపోహ: గాడిద ఏది పడితే అది తింటుంది, గుర్రానికి ఉలవ గుగ్గిళ్లు పెడితే బలం.

మొదటిది గోడ మీది సినిమా పోస్టర్లు తింటున్న గాడిదను చూసి పుట్టిన మాట. ఆకలితో ఉన్న జంతువును చూసి దాని రుచులు నిర్ణయించాం. అయితే ఈ జోడీకి చేటు ఆకలి కన్నా ప్రేమ వల్లే ఎక్కువ. పొట్టి గుర్రం, గాడిద రెండూ తక్కువ తిండితో బతకడానికి పుట్టినవే. గాడిదకు గడ్డి, ఎండుచొప్ప ముఖ్యం. దాణా దండిగా పెడితే మెడ మీద కొవ్వు గడ్డకట్టి పక్కకు ఒరుగుతుంది, గిట్టల లోపల వాపు వచ్చి నడవలేకపోతుంది. ఉలవలు పరుగుల గుర్రానికీ రోజంతా బరువు లాగే గుర్రానికీ సరే. వారంలో నాలుగు రోజులు అరగంట బండి లాగే పొట్టిదానికి గుప్పెడు చాలు, చాలాసార్లు అదీ అక్కర్లేదు.

సన్నబడాలని ఒక్కసారిగా పస్తు పెట్టడం అంతకన్నా ప్రమాదం. లావుగా ఉన్న గాడిద గానీ పొట్టి గుర్రం గానీ రోజు రెండు రోజులు తిండి మానితే ఒంట్లోని కొవ్వు కరిగి నెత్తురులోకి పొంగుతుంది, కాలేయం దెబ్బతింటుంది, ప్రాణం పోవచ్చు. "గాడిద ఇయ్యాల తినలేదు, రేపు చూద్దాం" అనేది పనికిరాని మాట. నొప్పిని గాడిద గుర్రంలా బయటపెట్టదు. పొర్లదు, అరవదు. తల దించుకుని నిలబడుతుంది, అంతే. మేత ముట్టకపోవడమే దాని కేక. పశువైద్యుణ్ణి అప్పుడే పిలవాలి. గాడిద ఒంట్లో కొన్ని మందులు గుర్రం ఒంట్లో కన్నా త్వరగా ఖర్చయిపోతాయి కాబట్టి గుర్రం మోతాదు చూసి మీరే వేయకండి. నట్టల మందు మాత్రం రెండింటికీ ఒకేసారి వేయాలి. గాడిద ఊపిరితిత్తుల్లో ఏ బాధా లేకుండా ఉండే పురుగు గుర్రానికి చేరితే విడవని దగ్గు.

అపోహ: ఎడారి జంతువు కాబట్టి ఎండావానా గాడిదకు లెక్కలేదు.

ఎండ వరకు కొంత నిజం. వానకు కాదు. దాని వెంట్రుకలు గుర్రం వెంట్రుకల్లా నీటిని జారవిడవవు, చర్మం దాకా తడుస్తుంది. హైదరాబాద్ జూలైలో పైకప్పు లేకుండా దాన్ని కట్టేయడం క్రూరం. ఎండకైనా చట్టం హద్దు పెట్టింది. బరువు లాగే, మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనల ప్రకారం వేడి 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 గంటల మధ్య వాటితో పని చేయించకూడదు. రోజు మొత్తం మీద 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు మించకూడదు. ముళ్లున్న కళ్లెం, ముల్లుకర్ర నిషేధం. గాడిద వీపున 50 కిలోలకు మించి వేయకూడదు. ఇసుక సంచులు మోసిన ఈ ఊరి గాడిదలకు ఈ అంకె ఎవరూ చెప్పినట్టు లేరు.

అపోహ: రెండింటినీ ఒకచోట ఉంచితే కంచర గాడిదలు పుడతాయి, వాటి సంతతి పెరిగిపోతుంది.

మగ గాడిదకు, ఆడ గుర్రానికి పుట్టేదే కంచర గాడిద. పుట్టినా సంతతి పెరగదు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, కంచర గాడిదకు 63. జత కుదరని బేసి లెక్క కాబట్టి అది దాదాపు ఎప్పుడూ గొడ్డే. ఏమైనా బండి కట్టే మగవాటికి విత్తులు కొట్టించడం మంచిది, పశువైద్యుడి చేత, మత్తు ఇప్పించి.

అపోహ: గాడిదను రథానికి కట్టడం మన శాస్త్రాల్లో లేదు, తప్పు.

ఐతరేయ బ్రాహ్మణంలో దేవతల పందెం కథ ఉంది. అగ్ని కంచర గాడిదల రథం మీద, ఉషస్సు ఎర్రటి ఆవుల రథం మీద, ఇంద్రుడు గుర్రాల రథం మీద వస్తారు. గెలిచింది గాడిదల రథం మీద వచ్చిన అశ్వినీ దేవతలు! ఆ పందెంలో సత్తువంతా ధారపోసింది కాబట్టే గాడిదకు వేగం తగ్గిందట. రామాయణంలో రావణుడి బంగారు రథానికి కట్టినవీ పిశాచ ముఖాల గాడిదలే. ఇక బైబిల్ ద్వితీయోపదేశకాండంలో కలిపి దున్నవద్దన్నది ఎద్దును, గాడిదను. గుర్రం మాట అక్కడ లేదు.

టీ కొట్టు దగ్గర ఫోన్ చూపించినాయన చివరికి అడిగింది ధర. "ముందు గాడిద దొరకాలి కదా" అన్నాను. 2019 పశుగణన నాటికి దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు 1.2 లక్షలు, ఏడేళ్లలో 61 శాతం తగ్గాయి. "రెండూ కొని, కుదరకపోతే ఒకటి అమ్మేస్త" అన్నాడు. అలా కుదరదు. కలిసి మేసి కలిసి నడిచిన జతను గాడిద విడిచి ఉండలేదు, అవతలిది గుర్రమైనా సరే. విడదీస్తే మేత మానుతుంది, మేత మానితే ఏమవుతుందో పైన చెప్పాను. జతలో ఒకటి చనిపోతే రెండోదాన్ని వెంటనే దూరంగా తీసుకుపోవద్దని ఇంగ్లండులోని డాంకీ శాంక్చువరీ వాళ్లు చెబుతారు. కళేబరం పక్కన వదిలేయాలి. అది వాసన చూస్తుంది, మూతితో కదుపుతుంది, కాసేపు నిలబడుతుంది. తరవాత తనంతట తానే పక్కకు తిరిగి గడ్డి వైపు నడుస్తుంది.