శిక్షణ విడువదలచిన సైనికుడు

కొండగట్టు అంజన్నకు మొక్కి గాని, మసీదులో దువా చేసి గాని సైన్యంలో చేరిన మన పల్లె యువకునికి శిక్షణ మధ్యలో మనసు ఇంటివైపు మళ్ళడం సహజం. అది పిరికితనం కాదు. అయితే ఆ కోరిక తీర్చుకొనే మార్గం ధర్మబద్ధంగా ఉండాలి.

1950 నాటి సైనిక చట్టం ప్రకారం, భర్తీ పత్రంపై సంతకం చేసిన నాటినుండే అతడు సైనిక శాసనానికి బద్ధుడు. ఇంకా ప్రమాణం చేయలేదు కదా అనుకొని పారిపోరాదు. అనుమతి లేని గైర్హాజరీకి 3 సంవత్సరాల వరకు, పలాయనానికి 7 సంవత్సరాల వరకు కారాగారం విధించవచ్చు. రణరంగ విధులలో పలాయనానికి మరణదండన కూడా విధించవచ్చు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ళు నిండకముందు స్వంత కోరికపై విడుదల అసాధారణ పరిస్థితులలో, అధికారుల అనుమతితో మాత్రమే సాధ్యం.

కనుక గోడ దూకక, అధికారి ముందు నిలిచి విన్నవించుకోవాలి. అంతకంటె, సంతకానికి ముందే ఆలోచించడం శ్రేయస్కరం.