కిన్నెరకు మెట్లు వేసే చేతులేవి?

నర్సంపేట: సొరకాయ బుర్ర అంటే పల్లెల్లో విత్తనాలు దాచుకునే బుర్రో, కల్లు తాగే బుర్రో గుర్తుకొస్తుంది. అలాంటి బుర్రలు మూడు, ఒక వెదురు బొంగు, మీటడానికి తీగెలు ఉంటే కిన్నెర తయారవుతుంది. మాదిగ వాడల్లో డక్కలివారు జాంబపురాణం చెబుతూ వాయించే వాద్యం ఇదే. వాయించేవారే దీన్ని చేసుకోవాలి తప్ప అంగట్లో దొరకదు.

పని చూడడానికి తేలికే. బాగా ముదిరి ఎండిన సొరకాయ లోపలి గుజ్జు, గింజలు తీసేసి, బుర్రలను బొంగు కింద కడతారు. తీగె మీటినప్పుడు పుట్టే సన్నని ధ్వని ఈ బుర్రల్లోకి దిగి గుంయ్‌మని పెరుగుతుంది. అసలు కష్టమంతా మెట్ల దగ్గరే. బొంగు మీద తేనె మైనం పెట్టి మెట్లు నిలబెడతారు. మెట్టు జొన్నగింజంత జరిగినా స్వరం తప్పుతుంది. ఇక్కడ చెవే కొలబద్ద. మైనం మెత్తగా ఉండగానే మీటుతూ, వింటూ, జరుపుతూ సరైన చోట నిలపాలి. ఎన్ని మెట్లుంటే అన్ని మెట్ల కిన్నెర అంటారు.

వెనుకటి రోజుల్లో మెట్లకు అలుగు పొలుసులు వాడేవారు. అలుగంటే పాకాల చెరువు అలుగు కాదు, చీమలను, చెదలను తిని బతికే అడవి జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడడం నేరం. అలుగు పొలుసు లేనంత మాత్రాన కిన్నెర మూగబోదు. గుర్రపు వెంట్రుకల స్థానంలో ఉక్కు తీగెలు రాలేదా!

బొబ్బిలి వీణ సంగతి వేరు. ఒకే పనస మొద్దును తొలిచి చేసే ఆ వీణకు 24 మెట్లు. వాటినీ మైనంలోనే నిలబెడతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా ఆ పనిలో ఉన్నాయి. పిల్లలు పెద్దల పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చుకుంటారు. భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కిన్నెరకు అలాంటి కార్ఖానా లేదు. వాయించేవాడు మానుకుంటే చేసేవాడూ పోయినట్టే.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో పేరు తెచ్చుకున్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. బడి పుస్తకంలో ఆయనపై పాఠం కూడా పెట్టారు. అయినా 2024లో ఆయన హైదరాబాద్ శివారున కట్టడం పనిలో కూలీగా కనిపించారు.