1986: నేటికీ చెరగని అంకెల ఏడాది

ఒలింపిక్స్ లేవు, లీపు సంవత్సరమూ కాదు. అయినా 1986లో నమోదైన అంకెల్లో కొన్నిటిని దశాబ్దాలు గడిచినా ఎవరూ దాటలేదు. వాటిలో గర్వంగా చెప్పుకొనేవి ఉన్నాయి, మళ్లీ రాకూడదని మొక్కుకొనేవీ ఉన్నాయి.

యురేనస్‌కు ఒకే ఒక్క అతిథి

1977లో భూమి వదిలిన వాయేజర్-2 వ్యోమనౌక 1986 జనవరి 24న యురేనస్ మేఘాలకు 81,500 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లింది. అప్పటిదాకా ఆ గ్రహానికి అయిదు పెద్ద చందమామలే తెలుసు. వాయేజర్ పంపిన ఫొటోల్లో మరో పది చిన్నవి బయటపడ్డాయి. పక్కకు ఒరిగి, దాదాపు పడుకొని తిరిగే ఈ గ్రహం దగ్గరికి ఆ తర్వాత మరే నౌకా వెళ్లలేదు.

73 సెకన్లు

ఆ ఆనందం నాలుగు రోజులే నిలిచింది. జనవరి 28న ఫ్లోరిడాలో నింగికి లేచిన ఛాలెంజర్ షటిల్ 73వ సెకనులో ముక్కలైంది. అందులోని ఏడుగురూ చనిపోయారు. విద్యార్థులకు అంతరిక్షం నుంచే పాఠం చెప్పాలని బయలుదేరిన బడి పంతులమ్మ క్రిస్టా మెకాలిఫ్ వారిలో ఒకరు. ఆ ఉదయం ఎముకలు కొరికే చలి. రాకెట్ అతుకులో ఉండే రబ్బరు వలయం బిగుసుకుపోయి, వేడి వాయువును ఆపలేకపోయింది. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ విచారణలో అందరి ముందూ ఆ రబ్బరు ముక్కను గ్లాసెడు ఐసు నీళ్లలో ముంచి, కారణమేమిటో చూపించారు. మళ్లీ షటిల్ ఎగరడానికి 1988 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ఒకే నెలలో ఇద్దరు నియంతల పలాయనం

పందొమ్మిదేళ్లకే హైతీ అధ్యక్షుడైన జాన్ క్లోద్ దువలియే ఫిబ్రవరి 7న దేశం విడిచి పారిపోయాడు. అదే నెల 25న ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఒక విడ్డూరం జరిగింది. పొద్దున కొరజాన్ అకీనో అధ్యక్షురాలిగా ప్రమాణం చేశారు. ఆ తర్వాత కొద్ది గంటలకే, అదే పదవికి, అప్పటి నియంత ఫెర్డినాండ్ మార్కోస్ తన భవనంలో ప్రమాణం చేశాడు. రాత్రికల్లా ఆయన కుటుంబంతో సహా అమెరికా హెలికాప్టర్ ఎక్కాడు. భవనంలోకి వెళ్లిన జనానికి ఆయన భార్య ఇమెల్డా వదిలివెళ్లిన బూట్లూ చెప్పులూ వెయ్యి జతలకు పైగా కనిపించాయి.

తూటా పేలని 335 ఏళ్ల యుద్ధం

ఇంగ్లండ్ నైరుతి కొసన సిల్లీ దీవులున్నాయి. 1651లో నెదర్లాండ్స్ వీటిపై యుద్ధం ప్రకటించిందనీ, సంధి మాత్రం మరిచిపోయిందనీ చెబుతారు. అసలు యుద్ధం ప్రకటించారా అని కొందరు చరిత్రకారులకు అనుమానమే. ఏదైతేనేం, 1986 ఏప్రిల్ 17న డచ్ రాయబారి స్వయంగా వచ్చి శాంతి పత్రం ఇచ్చి వెళ్లారు. ఇన్నేళ్లలో ఒక్క ప్రాణమూ పోలేదు.

రెండు అంతరిక్ష కేంద్రాలు, ఒకే ప్రయాణం

ఫిబ్రవరి 20న సోవియట్ యూనియన్ మిర్ అంతరిక్ష కేంద్రాన్ని ప్రయోగించింది. మార్చిలో అక్కడికి వెళ్లిన లియొనిద్ కిజిమ్, వ్లదీమిర్ సొలొవ్యోవ్ మే నెలలో తమ నౌకలోనే పాత సల్యూత్-7 కేంద్రానికి వెళ్లి, అక్కడ పని ముగించుకొని, సామగ్రితో మళ్లీ మిర్‌కు చేరారు. ఒకే యాత్రలో రెండు కేంద్రాల మధ్య రాకపోకలు సాగించినవాళ్లు చరిత్రలో వీళ్లిద్దరే. ఏకబిగిన 437 రోజులు అంతరిక్షంలో గడిపిన వలేరీ పొల్యకోవ్ రికార్డుకూ తర్వాత ఈ మిరే వేదికైంది.

చెర్నోబిల్: పరీక్షే ప్రమాదమైంది

ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక, 1.23 గంటలకు, సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు కేంద్రంలో నాలుగో రియాక్టరు పేలింది. అప్పుడక్కడ జరుగుతున్నది భద్రతకు సంబంధించిన పరీక్షే. కరెంటు పోతే, ఆగిపోతున్న టర్బైన్ ఇంకా తిరిగే కాసేపూ నీటి పంపులను నడపగలదా అని చూడాలనుకున్నారు. అందుకోసం రక్షణ వ్యవస్థలనే కొన్నిటిని ఆపి ఉంచారు. పక్కనే ఉన్న ప్రిప్యత్ పట్టణంలోని సుమారు 49 వేల మందిని మర్నాడు మధ్యాహ్నం గానీ బస్సులెక్కించలేదు. 28న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు అంటిన ధార్మికత వల్ల అలారం మోగాకే సంగతి ప్రపంచానికి తెలిసింది. అదే చెర్నోబిల్‌లో మిగతా రియాక్టర్లలో చివరిదాన్ని 2000 డిసెంబరులో ఆపేశారు.

నాలుగు నిమిషాల మారడోనా

జూన్ 22న మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో అర్జెంటీనా, ఇంగ్లండ్‌ల మధ్య ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. 51వ నిమిషంలో మారడోనా చేత్తో కొట్టిన బంతి గోల్‌గా నిలిచింది. నాలుగు నిమిషాల తర్వాత సొంత అర్ధభాగం నుంచి ప్రత్యర్థులను ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్లి కొట్టిన గోల్ 'శతాబ్దపు గోల్' అనిపించుకుంది. ఫుట్‌బాల్‌లో అత్యంత అపఖ్యాతి పొందిన గోల్, అత్యంత కీర్తి పొందిన గోల్ రెండూ ఒకే ఆటలో, ఒకే ఆటగాడి ఖాతాలో పడ్డాయి.

ఆగస్టు: గోదావరి, న్యోస్

కోనసీమలో పెద్దవాళ్లు వరద మాట వస్తే నేటికీ ఎనభై ఆరునే కొలమానంగా పెట్టుకుంటారు. ఆగస్టు 16న భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేదే 53 అడుగుల దగ్గర! ధవళేశ్వరం బ్యారేజీ నుంచి సముద్రంలోకి పోయిన నీరు దాదాపు 35 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో వణికించిన వరద కూడా 71.3 అడుగుల దగ్గరే ఆగింది.

అయిదు రోజుల తర్వాత, ఆగస్టు 21 రాత్రి, ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగున పేరుకున్న బొగ్గుపులుసు వాయువు ఒక్కసారిగా పైకి తన్నింది. గాలికన్నా బరువైన ఆ వాయువు లోయల వెంట ఊళ్లలోకి పాకడంతో 1,700 మందికి పైగా ఊపిరాడక చనిపోయారు. 2001లో సరస్సులోకి పెద్ద గొట్టం దించి, వాయువును కొద్దికొద్దిగా బయటికి వదిలే ఏర్పాటు చేశారు.

ఒక్క బంతి మిగిలి ఉండగా...

సెప్టెంబరు 22న మద్రాసు చేపాక్‌లో భారత్, ఆస్ట్రేలియా టెస్టు టై అయింది. లక్ష్యం 348. స్కోర్లు సమమయ్యాక, ఇంకొక్క బంతి మిగిలి ఉండగా మణిందర్ సింగ్ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. హైదరాబాదీలు అజారుద్దీన్, శివలాల్ యాదవ్ ఆ జట్టులో ఉన్నారు. టెస్టు చరిత్రలో టైలు రెండే, మొదటిది 1960లో బ్రిస్బేన్‌లో. ఈ రెండింటినీ దగ్గరుండి చూసిన బాబ్ సింప్సన్ మొదటిదానిలో ఆటగాడు, రెండోదానిలో ఆస్ట్రేలియా కోచ్.

మరికొన్ని

* సియోల్ ఆసియా క్రీడల్లో భారత్‌కు వచ్చినవి అయిదు స్వర్ణాలు. వాటిలో నాలుగింట పి.టి.ఉష ఉంది: 200 మీటర్లు, 400 మీటర్లు, 400 మీటర్ల హర్డిల్స్, రిలే.
* అక్టోబరు 16న లోత్సే ఎక్కిన రైన్‌హోల్డ్ మెస్నర్, 8 వేల మీటర్లు మించిన 14 శిఖరాలనూ అధిరోహించిన మొదటివాడయ్యాడు, అదీ ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా. అన్నపూర్ణపై అసలు కొసను తాకలేదంటూ 2023లో గిన్నిస్ ఆ గౌరవాన్ని ఎడ్ వీస్టర్స్‌కు ఇస్తే, మొదటివాడు మెస్నరేనని వీస్టర్సే చెప్పాడు.
* నవంబరు 22న మైక్ టైసన్ ఇరవై ఏళ్ల నాలుగు నెలల వయసులో హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ పట్టం ఇంకెవరికీ దక్కలేదు.
* డిక్ రూటన్, జీనా యేగర్ నడిపిన 'వాయేజర్' అనే విమానం డిసెంబరులో ఎక్కడా దిగకుండా, దారిలో ఇంధనం నింపుకోకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టేసింది. అలా చుట్టిన మొదటి విమానం అదే.

హేలీ: మళ్లీ ఎప్పుడు?

ఫిబ్రవరి 9న హేలీ తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది. 1910లో అది వచ్చినప్పుడు జనం అరిష్టమని భయపడుతుంటే, గురజాడ 'ముత్యాల సరాలు'లో దాన్ని భూమికి చుట్టమన్నారు. 1986లో ఆ చుట్టం సూర్యుడికి అవతలివైపు ఉండిపోవడంతో, రెండు వేల ఏళ్లలో ఎన్నడూ లేనంత మసకగా కనిపించింది. ఆ లోటును వ్యోమనౌకలు తీర్చాయి. ఐరోపావారి జొట్టో మార్చిలో 600 కిలోమీటర్ల దగ్గరికి వెళ్లి, దాని కేంద్రకం సుమారు 15 కిలోమీటర్ల పొడవున బొగ్గులా నల్లగా ఉందని చూపింది. హేలీ 2023 డిసెంబరులో తన కక్ష్య చివరి అంచు నుంచి వెనుదిరిగింది. 2061 జులై చివర్లో సూర్యుడి దగ్గరికి వస్తుంది. ఈసారి మనవైపే ఉంటుంది కాబట్టి బాగా కనిపిస్తుంది. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే ఆ తేదీ ఇప్పుడే చెప్పి ఉంచండి.