రోజుకో ఊళ్లో నిలబడే ఇంటికి నాలుగు జాకీలు

ఇల్లు కట్టే మేస్త్రి రసమట్టం పెట్టి చూడటం మీరు గమనించే ఉంటారు. గాజుగొట్టంలోని బుడగ రెండు గీతల మధ్యకు వచ్చేదాకా ఆయన ఊరుకోడు. గోడ లేచాక ఇక ఆ బాధ లేదు. కాని ప్రతి సాయంత్రం ఒక కొత్త చోట నిలబడే ఇల్లు ఉంటే? దానికి రోజూ మట్టం చూసుకోవలసిందే గదా!

అలాంటి ఇళ్లు ఉన్నాయి. అమెరికాలో వాటిని మోటార్ హోమ్ అంటారు. బస్సంత బండిలోనే మంచాలు, పొయ్యి, స్నానాలగది, ఫ్రిజ్ అన్నీ అమర్చి ఉంటాయి. పెద్దవి 10 టన్నులకు మించి తూగుతాయి. రాత్రి బస చేసే చోట నేల పళ్లెంలా చదునుగా ఉండదు. అందుకని ఛాసీకి నాలుగు హైడ్రాలిక్ జాకీలు బిగిస్తారు. మీట నొక్కితే నాలుగు ఉక్కు కాళ్లు దిగి బండిని మట్టానికి తెస్తాయి.

"కాస్త వాలితే కొంప మునుగుతుందా?" అంటారేమో. చాలా మోటార్ హోమ్‌లలో ఉండే గ్యాస్ ఫ్రిజ్ విషయంలో మునిగినట్లే. దీన్ని 1922లో స్వీడన్ విద్యార్థులు ఫాన్ ప్లాటెన్, మున్టెర్స్ రూపొందించారు. ఇందులో కంప్రెసర్ లేదు. చిన్న మంట అమ్మోనియా ద్రావణాన్ని వేడి చేస్తుంది. ఆవిరైన అమ్మోనియా పైన చల్లబడి ద్రవమై, వాలుగొట్టాల గుండా కిందికి జారి, హైడ్రోజన్ ఉన్న గదిలో మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్‌లోని వేడిని లాక్కుంటుంది. తర్వాత నీటిలో కరిగి మంట దగ్గరకు తిరిగి వస్తుంది. ఈ ద్రవాన్ని నడిపించేది గురుత్వాకర్షణే. బండి వాలితే గొట్టాల వాలు చెడుతుంది. ద్రవం మధ్యలో నిలిచిపోతుంది. మంట మాత్రం ఆగదు! మరుగుపాత్ర మితిమీరి వేడెక్కి, తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ గట్టిపడి గొట్టాన్ని పూడుస్తుంది. పగిలిన గొట్టం నుంచి హైడ్రోజన్ బయటపడి బండ్లు తగలబడిన సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటి ఫ్రిజ్‌లు కొన్ని పక్కకు సుమారు 3 డిగ్రీలకు మించి వాలకూడదు. బండి వెడల్పు 2.4 మీటర్లయితే, 3 డిగ్రీలంటే ఒక పక్క 12.6 సెంటీమీటర్లు దిగడం, అంటే జానెడు కూడా కాదు. కొత్త బండ్లలో కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి. వాటికి ఇంత పట్టింపు లేదు.

ఇక జాకీ సంగతి. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం తగ్గకుండా అన్ని వైపులకూ సోకుతుందని పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రాన్ని బరువైన పనికి పెట్టినవాడు ఇంగ్లండులోని జోసెఫ్ బ్రామా. 1795లో తన పీడనయంత్రానికి పేటెంటు పొందాడు.

మన జాకీ ముషలకం వ్యాసం 6 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం 28.3 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 3,000 కిలోల బరువు పడితే నూనెలో పీడనం ఎంత? 3,000ను 28.3తో భాగించండి. చదరపు సెంటీమీటరుకు 106 కిలోలు! వాతావరణ పీడనానికి సుమారు వంద రెట్లన్నమాట. ఈ పీడనాన్ని పుట్టించేది చిన్న పంపు, దాన్ని తిప్పే 12 వోల్టుల మోటారు. చిన్న మోటారుకు ఇంత బలమా అని ఆశ్చర్యపోకండి, ప్రకృతి ఉచితంగా ఏదీ ఇవ్వదు. 3,000 కిలోలను 10 సెకన్లలో 10 సెంటీమీటర్లు ఎత్తడానికి 294 వాట్లు కావాలి. 12 వోల్టుల దగ్గర అది 24.5 ఆంపియర్లు. ఘర్షణ నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. అందుకే బ్యాటరీ నుంచి పంపుకు లావాటి తీగ, మధ్యలో ఫ్యూజు తప్పనిసరి.

బిగించే పనిలో మొదటి ప్రశ్న: రంధ్రం ఎక్కడ వేయాలి? ఛాసీ పట్టీ అడ్డకోత ఇంగ్లీషు 'సి' అక్షరంలా ఉంటుంది. బరువుకు పట్టీ వంగబోయినప్పుడు, ఒక అంచు సాగుతుంది, ఎదుటి అంచు నలుగుతుంది, నడుమ భాగం మీద ఆ ఒత్తిడి బహు తక్కువ. కనుక బోల్టు రంధ్రాలు నిలువు భాగంలోనే వేస్తారు. అంచులో వేస్తే పగులు అక్కడే మొదలవుతుంది. నూనె గొట్టాలను సైలెన్సరు గొట్టానికి దూరంగా లాగాలి. కలిపేటప్పుడు ఇసుకరేణువు లోపలికి పోయినా ముషలకం చుట్టూ ఉన్న సీలు గీరుకుపోతుంది. తర్వాత జాకీలను నాలుగైదుసార్లు దించి, ఎత్తి, గాలిని వెళ్లగొట్టాలి. నూనెకన్నా గాలి సులభంగా నలుగుతుంది కాబట్టి, గాలి మిగిలితే కాలు దూదిమీద నిలబడినట్లు ఊగుతుంది. తొట్టిలో నూనె చూడవలసింది కాళ్లన్నీ పైకి ముడుచుకున్నాకనే. కాళ్లు దిగి ఉండగా నింపితే, ముడిచినప్పుడు అదంతా వెనక్కి వచ్చి పొర్లుతుంది.

కాలి కింద నేల గురించి కూడా ఆలోచించాలి. పాదం 25 సెంటీమీటర్ల వ్యాసం గల పళ్లెమైతే, 3,000 కిలోలకు నేల మీద చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు పడుతుంది. మెత్తటి నేల దిగబడుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న మందపాటి చెక్క వేస్తే ఒత్తిడి 1.25 కిలోలకు పడిపోతుంది.

మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా ఊగదు, నాలుగు కాళ్ల కుర్చీ ఊగుతుంది. ఇక్కడా అదే చిక్కు. ఒక్కో కాలును విడిగా ఎత్తితే ఛాసీ మెలిపడి ముందు అద్దం పగలవచ్చు. అందుకే జాకీలను జతలు జతలుగా నడుపుతారు. వెనక చక్రాలను నేలమీది నుంచి లేపకూడదు. పార్కింగ్ బ్రేకు పట్టేది సాధారణంగా ఆ చక్రాలనే. అవి గాలిలో ఉంటే బ్రేకు వేసీ ప్రయోజనం లేదు, బండి జాకీల మీద నుంచి జారిపోవచ్చు.

ఒక హెచ్చరిక మన లారీ షెడ్లకూ వర్తిస్తుంది. హైడ్రాలిక్ జాకీ ఎత్తడానికేగాని, మనిషి కింద దూరి పని చేయడానికి ఆధారం కాదు. ఒక సీలు పోయినా, ఒక గొట్టం పగిలినా నూనె చిమ్మిపోతుంది, 10 టన్నులు ఒక్కసారిగా దిగుతాయి. గట్టి ఇనుప స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు దిమ్మలు వేశాకనే మెకానిక్కు కిందికి వెళ్లాలి.

సూదులు లేని కొత్త సిరంజీలు రెండు, చిన్నదొకటి పెద్దదొకటి, మందుల దుకాణంలో కొనండి. నీటితో నింపి సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలపండి. పెద్దదాన్ని మీ స్నేహితుడు బొటనవేలితో గట్టిగా పట్టుకోవాలి, చిన్నదాన్ని మీరు నొక్కండి. ఎవరు గెలిచారో, చిన్న ముషలకం ఎంత దూరం పోతే పెద్దది ఎంత కదిలిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ తర్వాత గొట్టంలోకి ఒక గాలిబుడగ పోనిచ్చి మళ్లీ నొక్కి చూడండి.