కాగితం మీద కాలువ... వీధిలో మురుగు!

ఊరి పద్దు ఊరందరి ముందు చదివితేనే నిజం తేలేది

ఒకప్పుడు ఊరి లెక్కలన్నీ కరణం గారి పెట్టెలో ఉండేవి. ఎవరి చేను ఎన్ని సెంట్లు, ఎవరు ఎంత శిస్తు కట్టాలి అన్న విషయాల్లో ఆయన రాసిందే రాత. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. పెట్టె పోయింది గాని, ఊరి లెక్కలు మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం జనం కంటపడలేదు. రోడ్డుకు ఎంత మంజూరైంది, కాలువకు ఎంత ఖర్చు రాశారు అని అడిగినవాడికి 'నీకెందుకయ్యా?' అన్న జవాబే ఎదురయ్యేది.

ఆ జవాబుకు ఎదురు తిరిగిన వారు రాజస్థాన్ కూలీలు. కరవు పనులకు వెళ్ళిన వారికి కనీస వేతనం ముట్టలేదు. ఇదేమని అడిగితే, చేసిన పని కొలతకు అంతే వస్తుందన్నారు. ఆ కొలతల పుస్తకం చూపించమంటే, అది ప్రభుత్వ రహస్యమన్నారు. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఈ రహస్యాన్ని ఛేదించడానికి పూనుకుంది. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో బహిరంగ విచారణ జరిపి, ప్రభుత్వ పనుల లెక్కలను జనం మధ్య చదివి వినిపించింది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా సాగింది. ఆ ఉద్యమ ఫలితంగానే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది.

అనంతపురం గడ్డ మీద

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ పథకానికి మూలమైన 2005 నాటి చట్టంలోని 17వ సెక్షను, పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని నిర్దేశించింది. మస్టర్లు, బిల్లులు, ఓచర్లు, కొలతల పుస్తకాలు సభ ముందుంచాలని అందులోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లోనే ఈ తనిఖీలు మొదలుపెట్టింది. 2009లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక సంస్థను నెలకొల్పింది.

పద్ధతి చాలా సులువు. కూలీల కుటుంబాలకు చెందిన చదువుకున్న యువతీ యువకులకు శిక్షణ ఇచ్చారు. వారు మస్టర్ల నకళ్ళు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళారు. 'ఫలానా వారంలో మీరు ఇన్ని రోజులు పని చేసి, ఇంత కూలి పుచ్చుకున్నట్టు రాసి ఉంది, నిజమేనా?' అని అడిగారు. చెరువు పూడికతీత చూపించిన చోట టేపు పట్టి కొలిచారు. ఆ వివరాలను గ్రామసభలో చదివి, చివరకు మండల కేంద్రంలో అధికారుల ఎదుట, అందరి సమక్షంలో విచారణ జరిపారు.

ఆడిటరు ఓచరు చూస్తాడు, అది సక్రమంగా ఉంటే టిక్కు పెడతాడు. గుంత ఎవరు తవ్వారో, అసలు తవ్వారో లేదో ఆయనకు తెలిసే అవకాశం తక్కువ. మస్టరులో చనిపోయిన మనిషి పేరుంటే ఆయనకు అది అన్ని పేర్లలాంటి పేరే. పక్కింటివారు మాత్రం ఆ మనిషి పెద్దకర్మకు వెళ్ళి భోజనం చేసి వచ్చినవారు. కాకి లెక్కలను పట్టుకునే శక్తి అందుకే ఊరివారికి ఎక్కువ.

అయితే తేలిన అక్రమాలన్నింటికీ శిక్ష పడిందనుకుంటే పొరపాటు. స్వాహా అయినట్టు తనిఖీల్లో తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది స్వల్పమే. పైగా సభలో వేలెత్తి చూపిన కూలీ, మర్నాడు అదే ఫీల్డు అసిస్టెంటు దగ్గరకు పనికోసం పోవలసిన పరిస్థితి. ఒంటరిగా లేచి నిలబడటానికి జంకడం సహజం. పదిమంది కలిసి అడిగిన చోట ఆ భయం తగ్గింది.

అడగవలసినవేమిటి?

ఊళ్ళో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గడచిన ఏడాది జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, రాబోయే పనుల జాబితా గ్రామసభ పరిశీలనకు రావాలి. సభలో చెప్పకపోతే సమాచార హక్కు ఉండనే ఉంది. ఉమ్మడి రాష్ట్రం 2005లో చేసిన నిబంధనల్లో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో రూ. 5, ఆపైన రూ. 10గా నిర్ణయించారు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. చాలామందికి తెలియని విషయం మరొకటుంది. కాగితాలే కాదు, జరిగిన పనిని స్వయంగా పరిశీలించి, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఈ చట్టం పౌరునికి ఇచ్చింది. సిమెంటు రోడ్డు నెలకే పెచ్చులూడితే, ఆ పెచ్చే సాక్ష్యమవుతుంది.

2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ ద్వారా పంచాయతీల ఖర్చులు సెల్ ఫోనులోనూ కనబడుతున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పల్లెలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే వాడాలన్న షరతు ఉంది. అలాంటప్పుడు కుళాయి ఎండిపోయి, మురుగు వీధిన పారుతుంటే ఆ 60 శాతం ఎటు పోయిందని అడగడం ఎవరినో నిందించడం కాదు.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. సభ జరగడం ఒక ఎత్తు, అందులో పద్దు చదవడం మరొక ఎత్తు. టీ తాగి, తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళిపోతే అది మొక్కుబడి సభే అవుతుంది. సంతకానికి ముందు ఒక్కరు లేచి 'నిరుడు రాసిన కాలువ ఏ వీధిలో ఉంది?' అని అడిగితే చాలు, పుస్తకం విప్పక తప్పదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగేది ఎవరి దానమూ కాదు, ఇంటి పన్ను కట్టినవారి సొమ్ము.