చిగుళ్ల నుంచి రక్తమా? బ్రష్ మానకండి!

"బ్రష్ తగిలితే చాలు రక్తం వస్తోందండీ, అందుకే నాలుగు రోజుల నుంచీ వేలితోనే కానిచ్చేస్తున్నా." పళ్ల డాక్టరుగా నేను ఆడవాళ్ల నోట తరచూ వినే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ జరిగేది వేరు.

ఆ రక్తం చాలావరకు పాచి వల్ల వచ్చేదే. మన నోట్లో వందల రకాల బాక్టీరియా ఉంటాయి. అన్నీ చెడ్డవేం కావు. శుభ్రంగా తోముకున్న పంటి మీద కూడా కొద్ది గంటల్లోనే అవి పలచని పొరలా అతుక్కుంటాయి. అదే పాచి. వదిలేస్తే అది మందంగా పేరుకుని, గాలి తగలని అడుగున చిగుళ్లకు చేటు చేసే రకాలు పెరుగుతాయి. చిగురు ఎర్రబడి, వాచి, తాకితే రక్తం కారుతుంది. ఆ పాచే గట్టిపడితే గార. ఇక అది బ్రష్‌కు లొంగదు, డాక్టరు తీయాల్సిందే.

డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో దంతవైద్య పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం 1965లో వెలువడింది. చిగుళ్లు బాగున్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలెట్టాక వారం రోజుల్లో వాపు తగ్గిపోయింది.

కడుపుతో ఉన్నవాళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. హార్మోన్ల మార్పుల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు ఎక్కువగా వాస్తాయి. "ఈ సమయంలో పళ్ల డాక్టరేమిటి?" అని పెద్దవాళ్లు ఆపేస్తుంటారు. గార తీయించుకోవడం అప్పుడూ క్షేమమే. గర్భిణినని ముందుగా చెప్పండి, చాలు.

మెత్తని బ్రష్‌ను చిగురు, పన్ను కలిసేచోట కాస్త ఏటవాలుగా ఆనించి, నెమ్మదిగా తోమండి. రక్తం వచ్చేచోటును వదిలేయకండి. బొగ్గుపొడి, ఇటుకపొడి వద్దు, పన్ను అరిగిపోతుంది. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే డాక్టరుకు చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అన్నాళ్లు ఆగవద్దు.

నిద్రలో లాలాజలం తగ్గుతుంది, బాక్టీరియాకు అదే అదను. కనుక రాత్రి తోముకోవడం తప్పనిసరి. ఇంటిల్లిపాదికీ వడ్డించి, వంటిల్లు సర్దేసరికి ఓపిక ఉండదు, నిజమే. అయినా అంట్లు తోమడం అయ్యాక మీ పళ్లూ తోముకోండి. రెండు నిమిషాల పనే!